మీ ఫిర్యాదు అందింది

పాలమూరుల నేను పనిచేసిన ఆఫీసంటే ఒక మందుల దుకాణం మీద రెండు అర్రలు. కింద షట్టరు ఎత్తితే మీద మా టేబుళ్లు వణికేటివి. ఉన్నది ఇద్దరమే, సారు, నేను. స్కూళ్లకు, ఫంక్షన్ హాళ్లకు వెబ్‌సైట్లు చేసి ఇస్తుంటిమి. తెలంగాణ వచ్చి మూడో ఏడో, నాలుగో ఏడో అయి ఉంటది. మాది నల్లగొండ దిక్కు ఊరు, మగ్గం నేసే ఇల్లు. నాయిన అప్పటికి సుత మగ్గం గుంటలనే ఉండె. నేను డిగ్రీ అయినంక కంప్యూటర్ కోర్సు నేర్సుకొని, గీ పని దొరికితే వచ్చి, ఒక అవ్వ ఇంట్ల అర్ర కిరాయికి తీసుకున్న.

ఆ ఎండకాలం ఒక ట్రస్టాయన మా ఆఫీసుకు వచ్చిండు. వాళ్లు మూడు ఊళ్లల్ల ఆడపిల్లలకు హాస్టళ్లు నడుపుతుండిరి. అండ్ల ఒకటి కొత్తకోటల, హైవేకు జర లోపలికి. పిల్లలు బాధలుంటే ఒక పుస్తకంల రాయాలె. వార్డెన్లు ఆ పేజీలు చింపేస్తున్నరని ఆయనకు అనుమానం. అందుకే ఫోన్ల నుంచి రాసే పేజీ కావాలన్నడు. పేరు రాసే పని లేదు. హాస్టలు ఎంచుకొని బాధ రాస్తే చాలు, అది నేరుగ తనకు కనబడాలె. మంచి మనిషే. టీ తాగుకుంట ఇంకో మాట అన్నడు. పేరు అడగకుంటే పిల్లలు బూతులు సుత రాస్తరు, అసువంటియి తన కండ్ల పడొద్దు, పడితే పేజీ బంద్ పెడతానన్నడు.

ఆ పని నా మీద పడ్డది.

రాతల్ల ఒక మాటను పట్టుకునేటందుకు మేం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒకటి వాడతం. ఏ అక్షరం ఎన్క ఏ అక్షరం రావాలె, నడుమ చుక్కలో స్టార్లో పెట్టినా పట్టాల్నా, మాట యాడ మొదలు కావాలె, యాడ ఒడువాలె, ఇవన్నీ చిన్న చిన్న గుర్తులతోని ఒక్క లైన్ల రాస్తం. రాసి ఇడిస్తే, ఎన్ని వేల రాతలున్నా ఆ వరుస దొరికిన కాడల్ల పట్టుకుంటది. నాకు ఆ పని మస్తు ఇష్టం. తక్కినదంతా నెట్ల చూసి రాసేదాన్ని గని గిది మాత్రం సొంతంగ రాసేదాన్ని.

సారు ఆ బూతులు నా ముంగట నోటితోని అనలేకపోయిండు. ఒక కాయితం మీద రాసి, బోర్లేసి నా టేబులు మీద పెట్టి, పని ఉన్నట్టు కిందికి దిగిపోయిండు. పిల్లలు తెలుగును సుత ఇంగ్లిష్ అక్షరాలల్లనే రాస్తరు గనక ఆ మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాలల్లకు మార్చుకున్న. అందరి నోట్ల నానేటి తిట్టు ఒకటుంది. ఇక్కడ రాయను, చదివేటోళ్లకు ఎర్కే. దాని మొదటి నాలుగు అక్షరాలు డి, ఈ, ఎన్, జి.

ఇంగ్లిష్ తిట్టయితే, మాట ఆడికే ఒడువాలె, ఎన్క ఇంకో అక్షరం ఉంటే ఇడిసిపెట్టు అని రాయొచ్చు. మన మాటలు అట్ల కాదు. చెయ్ అన్న ఒక్క మాటకే చేసిండు, చేస్తవా, చేసెటోడు, చేయించిన్రు అని తోకలు అతుకుతనే ఉంటయి. అన్ని తోకలు ఎవ్వరు రాస్తరు? అందుకని ముందట హద్దు పెట్టి, ఎన్క హద్దు తీసేసిన. ఆ నాలుగు అక్షరాలతోని మొదలైన మాట ఏదైనా, ఎన్క ఏమున్నా పట్టుకోమన్న. తెలివిగ చేసిన్ననే అనుకున్న.

ఇంకో లైను సుత రాసిన. అది ఎవ్వరూ అడగలే, నాకే తట్టింది. జొరం, వాంతులు, మలేరియా, డెంగ్యూ, పాము, కరెంటు షాకు, గీ మాటల్ల ఏదన్న దొరికితే ఆ రాత ఎర్రగ మారి, ట్రస్టాయన ఫోనుకు వెంటనే మెసేజ్ పోవాలె. సారుకు చూపిస్తే మెచ్చుకున్నడు.

రెండు లైన్లల్ల ఏది ముందు నడవాలె అన్నప్పుడు బూతుల లైను ముందు పెట్టిన. బూతు ఆయన కండ్ల పడితే పేజీ బందయితది కదా. పట్టుబడ్డ రాత ఆడికే ఆగి ఒక ఫైలుల పడుతది, రెండో లైను దాకా పోదు. మరి అసువంటి రాత రాసినోళ్లకు స్క్రీను మీద ఏం చూపియ్యాలె అని సారు అడిగిండు. తీసుకోలే అని చెప్తే నడుమ చుక్కలు పెట్టి మల్ల రాస్తరు, అందుకే అందరికీ ఒక్కతీరే చూపిద్దామన్న. "మీ ఫిర్యాదు అందింది." ఆ ముక్క నేనే రాసిన. ఆ ఫైలు తెరిచి చూసే పని మాత్రం ఎవ్వరికీ అప్పజెప్పలే.

మా చిన్నాయిన బిడ్డకు ఆ ఏడే కొత్తకోట దిక్కు కాలేజిల సీటు వచ్చింది. ట్రస్టాయనతోని మాట్లాడి ఆ హాస్టల్ల నేనే చేర్పించిన. దాని రూంల ఇంకో పిల్ల, హుజూర్‌నగర్ కాడి ఒక రైతు బిడ్డ. ఇద్దరిదీ నల్లగొండ దిక్కే గనక పది రోజులకే ఒకే కంచంల తినే సోపతయింది. మా చెల్లె హాస్టలంతా చెప్పిందట, గీ పేజీ మా అక్క చేసింది, రాస్తే తప్పక చూస్తరని.

ఆనలు పడ్డయి. పొద్దుగాల నేను ఆఫీసుకు వచ్చేసరికి కింద దుకాణం ముంగట జనం నిలబడి ఉంటుండిరి. తలకాయలకు రుమాళ్లు కట్టుకున్నోళ్లు, పిల్లలను భుజాల మీద ఏసుకున్నోళ్లు. జొరం గోలీల డబ్బాలు రోజుకు రెండుసార్లు మోటర్ సైకిల్ మీద వస్తుండె. వాళ్ల నడుమ నుంచి తొవ్వ చేసుకొని మెట్లెక్కి, కంప్యూటర్ తెరిచి, ట్రస్టు బోర్డు, అంటే వచ్చిన రాతలన్నీ కనబడే పేజీ, చూస్తుంటి. మూడు హాస్టళ్లకు మూడు గడులు. ఫ్యాను తిరుగుతలేదు, అన్నం మెత్తగైతాంది, దోమలు మస్తున్నయి. ఎర్రటియి లేనట్టే. ఎప్పుడన్న ఉత్త జొరం అని ఒకటి ఎర్రగ వస్తే ట్రస్టాయన ఫోన్ చేసి అడుగుతుండె, గోలీలు ఇచ్చినం అని వార్డెన్ చెప్తుండె. ఆయన సంబురపడి సారుకు ఫోన్ చేసిండు, ఊరంతా జొరాలున్నయి, మా హాస్టళ్లు మాత్రం నిమ్మలంగున్నయి అని.

ఒక ఆదివారం కొత్తకోట పోయిన. హాస్టల్ వాకిట్ల నీళ్ల డ్రమ్ములు వరుసగ ఉండె, మూతల్లేవు. ఎండకాలంల వాడిన కూలర్లు వరండాల అట్లనే ఉన్నయి, అడుగున నీళ్లు నిలిచి నల్లగయినయి. మీదికి పోతే రూంల మా చెల్లె, దాని దోస్తు ఉన్నరు. పొడుగు పిల్ల, నవ్వితే రూమంతా నవ్వినట్టు ఉంటది. వాళ్లింటి నుంచి తెచ్చిన మినప సున్నుండలు నా చేతుల పెట్టింది. కింది రూంల ఇద్దరు జొరమొచ్చి ఇండ్లకు పోయిన్రని చెప్పింది. మల్ల అన్నది,

"అక్కా, మీ సైటుల మేం రాస్తనే ఉన్నం."

"రాయండి. రాస్తేనే పనయితది" అన్న నేను.

ఏం రాస్తున్నరు అని అడగలే. ఆ డ్రమ్ములు చూసినప్పుడు నాకు జర బుగులైన మాట నిజం. అయితే అంత పెద్ద కష్టమే ఉంటే బోర్డు ఎర్రగ కావాలె కదా అనుకున్న. కండ్ల ముంగట డ్రమ్ములుంటే నేను బోర్డును నమ్మిన. బస్సు ఎక్కేటప్పుడు ఇద్దరూ గేటు దాకా వచ్చిన్రు. ఆ పొడుగు పిల్ల మోచేతులు గోక్కుంటాంది.

పది రోజులకు ఆ పిల్లకు జొరం వచ్చింది. మూడు రోజులు మండిపోయిందట. వార్డెన్ గోలీలిచ్చింది. నాలుగో రోజు పొద్దుగాల జొరం మొత్తం దిగింది. తేలికగుంది, ఇంటికి పోయి అమ్మ చేతి అన్నం తిని వస్తానని బస్సెక్కింది. జొరం దిగినప్పుడే అసలు భయం ఉంటదని ఆ హాస్టల్ల ఎవ్వరికీ తెల్వదు, నాకూ తెల్వదు. ఇంటికి పోయిన మరునాడు కాళ్లు చల్లబడి కూలబడ్డదట. నల్లగొండకు తీస్కపోతే, ఆడి నుంచి పట్నం తీస్కపొమ్మన్నరు. తొవ్వలనే పాణం పోయింది.

మా చెల్లె ఫోన్ల గిదంతా చెప్పింది. ఏడుస్తలేదు, చెప్పుకుంట పోతాంది. దాని గొంతుల వణుకు విని, నీకెట్లుందే అని అడిగిన. నిన్నటి నుంచి జొరమన్నది. నేను సారుకు చెప్పకుంటనే బస్టాండుకు ఉరికిన. మాపటిజాముకు దాన్ని పాలమూరు దవాఖానల చేర్పించిన. డెంగ్యూ అన్నరు. రోజుకు రెండుసార్లు నెత్తురు తీసి చూసేటోళ్లు, కణాలు పడిపోతున్నయని చెప్పేటోళ్లు. చిన్నమ్మ వచ్చి మంచం పట్టె పట్టుకొని కూసుంటే మల్ల లేవలే. మూడో రోజుకు పడుడు ఆగింది. డాక్టరమ్మ ఇగ ఫికర్ లేదన్నది.

ఆ రోజు చెల్లె నా దిక్కు చూసి నిమ్మలంగ అడిగింది.

"అక్కా, మేం రాసినయి ఎవ్వరూ చదవలేదా?"

"ఏం రాసిన్రు?"

"కింది రూమోళ్లకు టెస్టుల డెంగ్యూ అని వచ్చింది కదా. గప్పటి నుంచి రాస్తున్నం. నేను మూడుసార్లు రాసిన. అది రోజూ రాసింది. వార్డెనమ్మకు చెప్తే, సైటుల పెట్టండి, ఆడి నుంచి ఆర్డరొస్తేనే డ్రమ్ములు కడిగిస్తం అన్నది. రాసినప్పుడల్ల అందింది అని వచ్చింది అక్కా. అందింది కదా, వస్తరు అనుకున్నం."

బోర్డు మీద డెంగ్యూ అన్న మాట నేను ఒక్కనాడు చూడలే. చెల్లెతోని ఏమన్ననో యాదికి లేదు. దవాఖాన మెట్లు దిగేటప్పుడు ఆ మాటను ఇంగ్లిష్ల మనసులనే రాసుకున్న. డి, ఈ, ఎన్, జి. నాలుగో అక్షరం కాడ నా కాళ్లు ఆగినయి. ఎన్కొచ్చేటోళ్లు నన్ను తప్పించుకొని పోతున్నరు.

ఆఫీసుల సారు అన్నం తింటున్నడు. నేను పోయి ఆ ఫైలు తెరిచిన. కిందికి జరుపుకుంట పోతే ఒడుస్తలేదు. అసలు బూతులు రెండే ఉన్నయి, రెండూ పప్పు మీదనే. తక్కినయన్నీ కొత్తకోటయి, ఇంగ్లిష్ అక్షరాలల్ల రాసిన తెలుగే.

"మా హాస్టల్ల డెంగ్యూ వచ్చింది. డ్రమ్ములు కడిగించండి."

"కింది రూంల ఇద్దరికి డెంగ్యూ అని టెస్టుల తేలింది. దయచేసి ఎవరన్న వచ్చి చూడండి."

"నిన్న సుత రాసిన. అందింది అని వచ్చింది. డెంగ్యూ సార్, మామూలు జొరం కాదు."

ఒకదాన్ల గింతే ఉంది: "మాకు భయమైతాంది. డెంగ్యూ."

డెంగ్యూ అన్న మాటకు ఎర్రగ చెయ్యమని రెండో లైన్ల రాసింది నేనే. ఆ మాట రెండో లైను దాకా రాకుంట మొదటి లైన్ల ఊడ్చేసింది సుత నేనే. ఎర్ర మెసేజ్ పోతదా అని పరీక్ష చేసినప్పుడు జొరం అని రాసి చూసిన, పాము అని రాసి చూసిన. డెంగ్యూ అని రాసి చూడలే.

సారు చెయ్యి కడుక్కొని వచ్చి నా ఎనక నిలబడి చదివిండు.  మెల్లగ అన్నడు, "సరిచెయ్యి. ఫైలు తీసెయ్. ఎవ్వరికీ చెప్పకు. దోమలను మనం తేలే కదా." ఆయన చెడ్డోడు కాదు. ఇద్దరు చిన్న పిల్లలున్నోడు, భయపడ్డడు. 

సరిచేసుడు ఒక్క నిమిషం పని. ఆ నాలుగు అక్షరాల ఎన్క యు, ఈ వస్తే పట్టుకోకు అని లైన్ల ఒక చిన్న ముక్క చేరిస్తే అయిపాయె. చేర్చిన. ఫైలు మాత్రం తీసెయ్యలే. అండ్ల ఉన్న రాతలన్నీ ఒక్కొక్కటి మల్ల పేజీల నుంచి పంపిన. బోర్డుల కొత్తకోట గడి కింది దాకా ఎర్రగయింది. సారు కుర్చీల కూలబడి చూస్తున్నడు. అంత మంచిగ పనిచేసింది నేను రాసిన రెండో లైను.

రెండు నిమిషాలకు ట్రస్టాయన ఫోన్. తన ఫోను ఆగకుంట మోగుతాందన్నడు, ఏమైందని అడిగిండు. ఇవి ఇయ్యాల రాసినయి కావని చెప్పిన. ఎప్పుడెప్పుడు రాసినయో, ఎందుకు రాలేదో, ఎవ్వరిది తప్పో మొత్తం చెప్పిన.    అంతా విని ఒక్క మాట అడిగిండు.

"ఆ సచ్చిపోయిన పిల్ల సుత రాసిందా?"

రాసిందని చెప్పిన.

ఆ పొద్దే ఆయన కొత్తకోట పోయిండు. దగ్గరుండి డ్రమ్ములు బోర్లేయించిండు, కూలర్లు పారేయించిండు, పిల్లలందరికీ నెత్తురు పరీక్షలు చేయించిండు. ఇంకో నలుగురికి ఉందని తేలింది. టైముకు దవాఖానల పడ్డరు, బతికిన్రు. వార్డెన్ను తీసేసిండు. మా పేజీని సుత తీసేసి, మల్ల పుస్తకమే పెట్టిండు. నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు అనిపించింది.

చెల్లె కోలుకున్నంక ఇద్దరం హుజూర్‌నగర్ పోయినం. చెప్పకుంటే నాకు అన్నం పోతలేదు. ఆ రాతలను అచ్చేయించి ఒక అట్టల పెట్టుకొని పోయిన. ఆళ్ల ఊరు ఆడి నుంచి జర దూరం, ఆటోల పోయినం. వరి పొలాల నడుమ రేకుల ఇల్లు. ఆ పిల్ల నాయిన వాకిట్ల మంచం వాల్చి కూసోమన్నడు. తల్లి లోపలి అర్రల ఉంది, బైటికి రాలే.

నేను చెప్పిన. ప్రోగ్రాం, లైను, అక్షరాలు అని మొదలుపెట్టి, ఆయన మొకం చూసి ఆపిన. మల్ల తిన్నగ చెప్పిన. "మీ బిడ్డ రోజూ రాసింది పెదనాయినా. అవి పోవాల్సిన కాడికి పోకుంట నేను చేసింది ఒకటి ఆపింది. తెల్వకనే చేసిన. చేసింది మాత్రం నేనే."

ఆయన ఆ అట్ట చేతులకు తీసుకొని కాయితాలు తిరగేసిండు. కోపం చేస్తడని చూస్తున్న. ఆయన చదువుతలేడు, ఎతుకుతున్నడు.

"ఇండ్ల మా బిడ్డయి ఏవి?"

వాటి మీద పేర్లు లేవు. పేరు అడగొద్దని ముందే అనుకున్నది.  మా చెల్లె కాయితాలు తీసుకొని ఒళ్లె పెట్టుకొని, ఒక్కొక్కటి చదివి, పెన్నుతోని అంచుల గీతలు పెట్టుకుంట పోయింది. గిది దానిదే, గిట్ల రెండు చుక్కలు పెట్టే అలవాటు దానిదే. గిది రాసేటప్పుడు పక్కనే ఉన్న. గిది తెల్వదు. గిది నాది. గీత పెట్టినయి వేరు చేసి ఇస్తే ఆయన వాటిని మడతపెట్టి అంగీ జేబుల పెట్టుకున్నడు. తక్కినయి నాకు తిరిగిచ్చిండు.

"ఎండ ముదురుతాంది, పోండి బిడ్డా" అన్నడు. 

మేం లేచి నిలబడ్డం. అప్పుడు లోపలి అర్రల నుంచి తల్లి గొంతు వచ్చింది. ఇంతసేపు తలుపెన్క నిలబడి విన్నది కావొచ్చు.

"గసువంటిది ఇంకా ఎన్ని కాడల రాసినవు బిడ్డా?"

 తెల్వదమ్మా అన్న. అది సగమే నిజం. ఆ లైను బాగ పనిచేస్తాందని మేమే ఇంకో నాలుగు సైట్లల్ల పెట్టినం, రెండు స్కూళ్లయి, ఒక కాలేజిది, ఒక ప్రైవేటు దవాఖానది. ఆ దవాఖాన పేజీల రోగులు తమ బాధ, నంబరు రాసి డాక్టర్ల టైము అడుగుతరు, దవాఖానోళ్లు ఫోన్ చేసి చెప్తరు. సారు వేరేటోళ్లకు సుత ఆ లైను ఇచ్చిండని తర్వాత తెలిసింది, ఎవ్వరెవ్వరికో ఆయనకే యాదికి లేదు.

మరునాడు పొద్దుగాల ఆఫీసుకు పోయి స్కూళ్లయి, కాలేజిది సరిచేసిన. దవాఖానోళ్లు ఎప్పుడో పాస్‌వర్డ్ మార్చుకున్నరు. ఫోన్ చేస్తే కౌంటర్ల అమ్మాయి, సార్లకు చెప్తం మేడం అన్నది. స్వయంగ పోయి ఒకాయనకు మొత్తం చెప్పి, కాయితం మీద రాసిచ్చి వచ్చిన. ఆయన ఆ కాయితాన్ని టేబులు అద్దం కింద పెట్టిండు. నెల కాకముందే నేను ఆ పని ఇడిసిపెట్టి నల్లగొండకు వచ్చేసిన.

ఆనకాలం వస్తే ఇప్పటికి సుత ఆ దవాఖాన పేజీ తెరుస్త. డెంగ్యూ అని ఇంగ్లిష్ల రాసి, నా నంబరు పెట్టి పంపుత. అందింది అనే వస్తది. ఆడి నుంచి నాకు ఇంతవరకు ఫోన్ రాలే.